యాభై ఒకటో ఆకు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు ఎండాకాలంలో వెళ్తే, తెల్లారకముందే అడవిలోకి పోయిన ఆడవాళ్లు పొద్దెక్కేసరికి తలమీద బీడీలు చుట్టే తునికాకు మూటలతో తిరిగొస్తూ కనిపిస్తారు. ఇంటికొచ్చి, గుక్కెడు నీళ్లు తాగి, చెట్టు నీడన మూట విప్పుతారు. ఇక కట్టలు కట్టే పని. కట్టకు 50 ఆకులు. ఎడమ చేతిలో ఒక్కో ఆకే పేర్చుకుంటూ, పెదవులు కదిలీ కదలనట్టు లెక్కపెట్టుకుంటూ, యాభై కాగానే నారతో ఒక చుట్టు చుట్టి ముడేసి పక్కన పడేస్తారు. మళ్లీ మొదటి ఆకు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేనూ ఆ నీడన కూర్చున్నాను. నా కట్టల్లో ఎప్పుడూ నలభై తొమ్మిదో, యాభై ఒకటో ఉండేవి. అమ్మమ్మ కట్టను చేత్తో నొక్కి చూసి, "తప్పినవ్ రా, మళ్ల ఎంచు" అనేది. ఎంచితే నిజంగానే తప్పేది. ఎక్కడ తప్పానో మాత్రం తెలిసేది కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాక, ఆ తప్పు నా ఒక్కడిది కాదనీ, ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసేదేననీ, దానికి "ఒకటి తేడా తప్పు" అని పేరు కూడా ఉందనీ తెలిసింది.

కంప్యూటర్ చేసే పనుల్లో పెద్ద భాగం ఆ చెట్టు నీడన జరిగే పనిలాంటిదే. ఒకే పనిని, లెక్క పెట్టుకుంటూ, అన్నిసార్లు చేయడం. దాన్ని లూప్ అంటారు. ఎన్నిసార్లు చేయాలో ముందే తెలిసిన లూప్ అయితే లెక్క లూప్ అనుకుందాం. తునికాకు కట్టను యంత్రానికి చెప్పాలంటే ఇలా ఉంటుంది:

ఆకు = 1
ఆకు 50 దాటనంత వరకు:
    చేతిలో ఒక ఆకు పేర్చు
    ఆకు = ఆకు + 1
కట్ట కట్టు

ఇందులో ఉన్నవి నాలుగే సంగతులు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పటిదాకా సాగాలి, ప్రతిసారీ ఏం చేయాలి, లెక్కను ఎంత ముందుకు జరపాలి. లెక్కలు బాగా వచ్చిన పిల్లలు బిక్కమొహం వేసేది నాలుగో వరుస దగ్గర. ఆకు, ఆకు కంటే ఒకటి ఎక్కువ ఉన్న దానికి సమానం ఎలా అవుతుంది? కాదు. బడిలో ఆ రెండు గీతల గుర్తు "సమానం" అని చెబుతుంది, ఇక్కడ అది "పెట్టు" అని చెబుతుంది. ఆకు అని పేరు రాసిన ఒక చిన్న గూడు ఉంది. అందులో ఉన్న అంకె తీసి, ఒకటి కలిపి, తిరిగి అదే గూట్లో పెట్టు. అంతే.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. కట్ట పూర్తయ్యేసరికి ఆ గూట్లో ఎంత ఉంటుంది? చాలామంది 50 అంటారు. 51 ఉంటుంది. యాభయ్యో ఆకు పేర్చాక లెక్క ఒకటి పెరిగి 51 అవుతుంది, యంత్రం వెనక్కి వచ్చి చూస్తుంది, 50 దాటిందని తెలుసుకుంటుంది, అప్పుడు ఆగుతుంది. అంటే యాభై అయిపోయాయని దానికి తెలియాలంటే యాభై ఒకటో ఆకు మీద ఒకసారి చూపు పడాలి. అది చేతిలోకి రాదు, కట్టలోకి పోదు. కానీ ఆగమని చెప్పేది అదే.

యంత్రం లోపలికి తొంగి చూస్తే ఈ లూప్ కూడా కనబడదు. ప్రాసెసర్‌కి "యాభై సార్లు" అనే మాట అర్థం కాదు. దానికి తెలిసినవి మరీ మొరటు పనులు: ఈ గూట్లో ఒకటి కలుపు, ఈ రెండు అంకెల్నీ పోల్చు, చిన్నదైతే నాలుగు ఆజ్ఞలు వెనక్కి దూకు. ఆ వెనక్కి దూకడమే లూప్. సెకనుకు కొన్ని వందల కోట్ల గడియార దెబ్బల మీద నడుస్తుంది కాబట్టి ఈ దూకుడు మనకు కనబడదు, ఫలితం కనబడుతుంది. ఈ ఆలోచన విద్యుత్తుతో నడిచే కంప్యూటర్లు రాకముందుది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఊహించిన యంత్రం గురించి 1843లో ఏడా లవ్‌లేస్ వివరణలు రాసినప్పుడు, మగ్గంలో నేత నమూనాను నడిపే చిల్లుల అట్టల మాదిరి అట్టల్ని వెనక్కి తిప్పి అదే వరుస పనుల్ని మళ్లీ చేయించవచ్చని చెప్పింది. ఆ యంత్రం పూర్తి కాలేదు. వెనక్కి తిప్పడం అన్న ఊహ మాత్రం నిలబడింది.

లూప్‌కు నేటి ప్రోగ్రామింగ్ భాషల్లో ఎక్కువగా వాడే మాట "ఫర్". స్విట్జర్లాండుకు చెందిన గణితవేత్త హైంజ్ రుటిస్‌హౌజర్ 1950 ప్రాంతంలో జర్మన్ మాట "ఫ్యూర్" వాడాడు. తర్వాత అది ఇంగ్లిషులోకి "ఫర్" అయి వచ్చింది. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాష మాత్రం "డూ" అంది. ఈ "ఫర్"ను తెలుగు పిల్లలకు "కొరకు" అని చెప్పబోయి చేతులు కాల్చుకున్న మాస్టార్లను చూశాను. నన్నడిగితే తెలుగుకు ఆ మాటతో పనే లేదు. మన భాషలో లూప్ వ్యాకరణంలోనే ఉంది. "ఇంటింటికీ తిరిగి చీటీ ఇచ్చాడు" అంటే ఏమిటి? వరుసలో ఉన్న ప్రతి ఇంటి దగ్గరా అదే పని, ఇళ్లు అయిపోగానే ఆగు. ఊరూరా, పూటపూటకీ, తలా ఒకటీ, ఒక్కొక్కరికీ. మాటను రెండుసార్లు అంటే చాలు, యంత్రానికి నాలుగు వరుసల్లో చెప్పాల్సింది మన అవ్వకు అర్థమైపోతుంది.

ఇక మొదలు ఎక్కడ అన్న తగువు. వడ్లు కొలిచేటప్పుడు పాత రైతులు మొదటి కుంచాన్ని "ఒకటి" అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... అలా సాగుతుంది. కొందరు ఏడు దగ్గర కూడా నోరు మార్చి "ఆరున్నొకటి" అంటారు, ఏడుపు మాట కళ్లంలో పలకకూడదని. చదువుకున్నవాళ్లకు ఇది నవ్వులాట. కానీ అందులో ఒక పదునైన విషయం ఉంది. మొదటిదాన్ని ఏ పేరుతో పిలిచినా లెక్క చెడదు. అన్ని కుంచాలకూ ఒక్కొక్క పేరు, వరుస తప్పకుండా ఉంటే చాలు.

కంప్యూటర్ వాళ్లు ఎక్కువగా మొదటిదాన్ని "సున్నా" అంటారు. వాళ్ల లాభం అది. ఇందులో పిచ్చేమీ లేదు. వాళ్ల అంకె వరుసలో స్థానాన్ని కాదు, మొదటి నుంచి ఉన్న దూరాన్ని చెబుతుంది. యంత్రం జ్ఞాపకంలో పేర్ల జాబితా ఒక వీధిలా ఉంటుంది. వీధి మొదట్లో నిలబడి, "ఎన్ని ఇళ్లు దాటాలి?" అని అడిగితే, మొదటి ఇంటికి సున్నా, రెండో ఇంటికి ఒకటి. ఇంటి వెడల్పుతో దాన్ని గుణిస్తే చాలు, నేరుగా గుమ్మంలో దిగొచ్చు. మనకూ ఇలాంటి లెక్క కొత్త కాదు. బిడ్డకు మొదటి సంవత్సరం నడుస్తున్నప్పుడు వయసు సున్నా.

చివర గురించి 1982 ఆగస్టులో డచ్చి శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా చేత్తో రాసిన చిన్న వ్యాసం ఒకటుంది. వరుసను చెప్పేటప్పుడు మొదటి అంకెను కలుపుకోవాలి, చివరి అంకెను వదిలేయాలి, అప్పుడే ఇబ్బందులు తక్కువ అంటాడు. అంటే సున్నా నుంచి 50 దాకా అంటే 0 నుంచి 49 వరకు. 50 అన్నది బయటి గుంజ. వినగానే వింతగా ఉంటుంది. కానీ కౌలు మాట్లాడుకునేటప్పుడు మనం చేసేదీ అదే కదా. ఉగాది నుంచి ఉగాదికి చేను ఇస్తే, వచ్చే ఉగాది పాత కౌలుదారుది కాదు, కొత్త లెక్కలోకి పోతుంది. మొదటి ఉగాది లోపల, రెండోది బయట. అందుకే ఒక కౌలు ముగిసిన చోటే ఇంకొకటి మొదలవుతుంది, మధ్యలో ఒక్క రోజు మిగలదు, ఒక్క రోజు ఇద్దరికీ పోదు. తీసివేత చేస్తే ఎన్ని అన్నది సూటిగా వస్తుంది: 50లోంచి సున్నా తీస్తే 50.

ఇది తెలియక నేను చేసిన నిర్వాకం చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కార్యాలయానికి కూలి చెల్లింపుల జాబితా అచ్చేసే ప్రోగ్రాము రాసిచ్చాను. 37 మంది. భాష పైథాన్. "1 నుంచి 37" అని రాశాను, చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో. అచ్చు తీసి, లూప్‌లు చివర తప్పుతాయని వినున్నాను కాబట్టి, చివరి పేరు వచ్చిందా అని చూశాను. వచ్చింది. సంచి భుజానేసుకుని ఖమ్మం బస్సెక్కాను.

రెండో వారం కబురొచ్చింది. అకారాది క్రమంలో మొదటి పేరు ఉన్న ఆవిడకు చీటీ రాలేదట. రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్లిందట. ఏం జరిగిందంటే, పైథాన్‌కు మొదటి పేరు సున్నా. నేను ఒకటి అన్నాను, అంటే రెండో పేరు. నేను 37 అన్నాను, పైథాన్ డైక్‌స్ట్రా మాట విని 37ను బయట పెట్టి 36 దగ్గర ఆగింది. దాని 36 అంటే మన ముప్పై ఏడో మనిషి. అందుకే చివరి పేరు బాగానే ఉంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని, చివర శుభ్రంగా ఉన్నట్టు చూపించి, మొదట్లో ఒక మనిషిని మింగేశాయి. యంత్రం ఎక్కడా ఆగలేదు, ఎర్ర అక్షరాలు చూపలేదు. ఉన్న 36 చీటీలూ అక్షరం తప్పకుండా వచ్చాయి. నేను మొత్తం ఎన్ని చీటీలో ఎంచి ఉంటే అయిపోయేది. అమ్మమ్మ చెప్పిన మాటే.

ఇది కంప్యూటర్‌తో పుట్టిన తప్పు కాదు. పది గజాల దడికి గజానికొక గుంజ పాతమంటే పది గుంజలు తెచ్చుకుని, చివర ఒకటి చాలక మళ్లీ అడవికి పోయినవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. సందులు పది, గుంజలు పదకొండు. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ గుడి నిర్మాణం గురించి రాస్తూ దీన్నే ఎత్తిచూపాడు. గుడి పొడుగు వెడల్పుకు రెట్టింపు కావాలని స్తంభాల్ని రెట్టింపు చేసేవాళ్లు తప్పుతున్నారు, రెట్టింపు చేయాల్సింది స్తంభాల మధ్య సందుల్ని అని.

కట్టలు కట్టడం అయ్యాక కల్లానికి తీసుకెళ్తారు. తునికాకు కల్లంలో కట్టల్ని ఎండకు వరుసలుగా పరుస్తారు. 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే లూప్‌లో లూప్. లోపలిది ఆకులు ఎంచుతుంది, యాభై కాగానే బయటిది ఒక్క కట్ట జరుగుతుంది, లోపలిది మళ్లీ మొదటికొస్తుంది. గడియారంలో నిమిషాల ముల్లు, గంటల ముల్లు మాదిరి. ఒక బ్యాగులో లోపలి పని 50,000 సార్లు జరుగుతుంది. ఒడిశాలో కట్టకు 20 ఆకులే, దాన్ని కేరీ అంటారు. అక్కడి లూప్‌లో ఒక్క అంకె మారుతుంది, మిగతాదంతా అదే.

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ ఒక తమాషా తప్పు చేస్తారు. "ఆకు = 1" అన్న వరుసను బయటి లూప్‌కూ బయట రాస్తారు. అప్పుడు మొదటి కట్ట పద్ధతిగా వస్తుంది. రెండో కట్ట దగ్గరికి వచ్చేసరికి గూట్లో అంకె అప్పటికే 51. యంత్రం చూస్తుంది, యాభై దాటింది కదా అనుకుంటుంది, ఒక్క ఆకు కూడా పేర్చకుండా కట్ట కడుతుంది. అలా 999 ఉత్తి నార ముళ్లు. మనిషైతే చేయి ఖాళీగా ఉందని చూస్తాడు. యంత్రానికి చేయి లేదు, గూట్లో అంకె ఉంది.

కల్లం చూసుకునే కల్లేదారు సంగతి వేరు. పరిచిన కట్టల్ని అతను ఒక్కొక్కటీ ఎంచుతూ కూర్చోడు. వరుసకు 40, వరుసలు 25, వెయ్యి. రెండు లూప్‌ల పనిని ఒక గుణకారంతో తేల్చేస్తాడు. బాగా చేయి తిరిగిన ప్రోగ్రామర్లూ లూప్ రాయబోయే ముందు ఇదే ఆలోచిస్తారు, దీన్ని తిప్పకుండానే జవాబు వస్తుందా అని. లూప్‌లో లూప్ పెట్టేకొద్దీ పని కూడిక లెక్కన కాదు, గుణకారం లెక్కన పెరుగుతుంది. వెయ్యి పేర్లలో ఒకే పేరు రెండుసార్లు ఉందేమో చూడ్డానికి ప్రతి పేరునూ ప్రతి పేరుతో పోల్చితే 10 లక్షల పోలికలు. పది వేల పేర్లయితే 10 కోట్లు.

అన్నిటికీ ముందే లెక్క తెలియదు. జులైలో భద్రాచలం కరకట్ట మీద నిలబడితే ఇంకో రకం లూప్ కనిపిస్తుంది. గోదావరి 43 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నీటిమట్టం చూడు, హద్దు దాటిందేమో చూడు, చెప్పు, మళ్లీ చూడు. ఎన్నిసార్లు? ఏరు తగ్గేదాకా. 1986లో 75.6 అడుగుల దాకా వచ్చింది, 2022 జులైలో 71.3. అప్పుడు ఊళ్లో ఎవరినైనా ఇంకెన్నిసార్లు చూడాలని అడిగి ఉంటే ఏం చెప్పేవారు? ఇలాంటి లూప్‌లో అంకె జరపడానికి ఎవరూ ఉండరు. బయట ఏదో మారాలి. మారకపోతే లూప్ ఆగదు.

ఆగని లూప్ ఎలా ఉంటుందో 2008 డిసెంబర్ 31న చాలామంది చూశారు. మైక్రోసాఫ్ట్ అమ్మిన జూన్ అనే పాటల యంత్రాల్లో 30 గిగాబైట్ల రకం ఆ రోజు బిగుసుకుపోయింది. లోపలి గడియారం 1980 నుంచి గడిచిన రోజుల్లోంచి సంవత్సరాల్ని ఒక్కొక్కటిగా తీసేస్తూ ఏ ఏడో తేల్చుకునేది. రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంత వరకు తిరుగు. లీపు సంవత్సరమైతే, 366 కంటే ఎక్కువుంటేనే 366 తీసెయ్యి. 2008 లీపు సంవత్సరం. ఆ రోజు మిగిలినవి సరిగ్గా 366. 365 కంటే ఎక్కువే, కాబట్టి తిరగాలి. 366 కంటే ఎక్కువ కాదు, కాబట్టి ఏమీ తీయకూడదు. మళ్లీ చూసింది. 366. మళ్లీ. బ్యాటరీ అయిపోయేదాకా తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం దాటాక పెట్టి చూడండి అన్నారు. జనవరి 1 వచ్చింది కాబట్టి పనిచేసింది. సరిగ్గా 366 మిగిలితే తిరగడం ఆపమని ఒక్క వరుస రాసుంటే సరిపోయేది. మళ్లీ అదే, హద్దు మీద నిలబడ్డ ఒక్క రోజు.

భద్రాచలంలో ఇంకో లెక్క లూప్ ఉంది, దాని హద్దు కోటి. రామకోటి పుస్తకాలు గళ్లు గళ్లుగా అచ్చేసి అమ్ముతారు. గడికొకటి చొప్పున రామనామం రాస్తూ పోవాలి. వరుసలో గళ్లు, పుటలో వరుసలు, పుస్తకంలో పుటలు, మళ్లీ పుస్తకాలు. లూప్‌లో లూప్‌లో లూప్. పూర్తయిన పుస్తకాల్ని రాముడి గుడికి తెచ్చి సమర్పించుకుంటారు. రోజుకు వెయ్యి రాస్తే 10,000 రోజులు, ఇరవై ఏడేళ్లు దాటి నాలుగు నెలలు. ప్రాసెసర్‌కు కోటిసార్లు ఒకటి కలపడం రెప్పపాటు పని కూడా కాదు. కానీ మధ్యలో కరెంటు పోతే దాని గూట్లో అంకె పోతుంది. అందుకే రోజుల తరబడి నడిచే పెద్ద లెక్కల్ని అప్పుడప్పుడూ ఆపి, ఎక్కడిదాకా వచ్చామో డిస్క్ మీద రాసి పెడతారు. రామకోటికి ఆ బాధ లేదు. రాయడమే లెక్క, కాగితమే గూడు. ఎవరూ విడిగా అంకె గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అమ్మమ్మ కూడా తునికాకు పని మానేశాక రామకోటి మొదలుపెట్టింది. కోటి కాలేదు. ఆవిడ పోయిన ఏడాదికి అమ్మ ఇనప్పెట్టెలోంచి ఆ పుస్తకాలు తీసింది. ఎన్ని రాసిందో లెక్క కడదామని నేను వరుసకు గళ్లు, పుటకు వరుసలు గుణించబోయాను. అమ్మ వినిపించుకోలేదు. ఆఖరి పుస్తకంలో సిరా ఆగిన పుట వెతికి, వేలితో వరుస వెంట జరుపుకుంటూ పోయి, అమ్మమ్మ రాసిన చివరి గడి దాటి, దాని పక్క ఖాళీ గడిలో కలం పెట్టింది.